దెబ్బ, సమ్మతి, ఎరుక: వృత్తి క్రీడలలో శిరోగాయాల న్యాయబాధ్యత - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

బాక్సింగ్, అమెరికన్ ఫుట్‌బాల్, రగ్బీ వంటి సంపర్క క్రీడలలో తలకు తగిలే దెబ్బలు ఆటలో భాగమే. ఆ దెబ్బల వల్ల తరువాతి జీవితంలో మతిమరుపు, వణుకు, బుద్ధిమాంద్యం వచ్చినపుడు దానికి చట్టరీత్యా ఎవరు బాధ్యులు? ఈ ప్రశ్నకు 19వ శతాబ్దం చివరి నుండి నేటివరకు ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియా న్యాయస్థానాలు ఇచ్చిన సమాధానాలను ఈ వ్యాసం కాలక్రమంలో పరిశీలిస్తుంది. చట్టం మొదట దెబ్బ కొట్టినవాని వైపు, తరువాత ఆటను నిర్వహించిన సంస్థ వైపు, చివరకు ప్రమాదాన్ని ఎరిగిన సంస్థ వైపు చూపు మళ్ళించిందని ఇక్కడ ప్రతిపాదన. అయితే ఆ మూడవ దశలోని కీలకప్రశ్నకు న్యాయస్థానం తీర్పు రూపంలో సమాధానం చెప్పకముందే రాజీ ఒప్పందం ఆ ప్రశ్నను మూసివేసిందని ఈ వ్యాసం నిరూపించ ప్రయత్నిస్తుంది.

కీలకపదాలు: శిరోగాయం, సమ్మతి, జాగ్రత్త బాధ్యత, బాక్సింగ్, ఎన్.ఎఫ్.ఎల్., వృత్తివ్యాధి, రాజీ ఒప్పందం.

1. ఉపోద్ఘాతం:

వీధిలో ఒకరి తలపై మరొకరు కొడితే అది నేరం. అదే దెబ్బ బరిలో, నిబంధనల ప్రకారం, టిక్కెట్టు కొన్న ప్రేక్షకుల ముందు కొడితే అది ఆట. ఈ రెండింటి మధ్య గీతను చట్టం ఎక్కడ గీసింది, ఏ కారణంతో గీసింది అన్నది న్యాయచరిత్రలో ఆసక్తికరమైన అంశం. చేయి విరిగినా కాలు విరిగినా గాయం అప్పటికప్పుడే కనిపిస్తుంది. కారణం, ఫలితం పక్కపక్కనే ఉంటాయి. తలకు తగిలిన దెబ్బ అలాంటిది కాదు. ఆటగాడు లేచి నిలబడతాడు, ఆట కొనసాగిస్తాడు. ఇరవై ముప్పై ఏళ్ళ తరువాత ఇంటిదారి మరచిపోతాడు. అప్పటికి కొట్టినవారెవరో, ఏ దెబ్బ వల్ల ఇది జరిగిందో చెప్పగలవారుండరు. కాబట్టి శిరోగాయాల విషయంలో బాధ్యతను నిర్ణయించడమంటే, చెదరిపోయిన కారణాలను కాలం వెంట వెనుకకు వెతుక్కుంటూ పోవడమే.

ఈ అన్వేషణలో మూడు భావనలు వరుసగా ముందుకు వచ్చాయి: సమ్మతి, అదుపు, ఎరుక. ఆటగాడు ఒప్పుకున్నాడా అన్నది మొదటి ప్రశ్న. ఆటను తన అదుపులో ఉంచుకున్నది ఎవరు అన్నది రెండవది. ప్రమాదం సంగతి ఎవరికి, ఎప్పటినుండి తెలుసు అన్నది మూడవది. ఈ మూడింటి క్రమాన్ని అనుసరించే ఈ వ్యాసం సాగుతుంది.

2. సమ్మతి - చట్టం గీసిన తొలి హద్దు:

సమ్మతించినవానికి అన్యాయం జరిగినట్లు కాదన్న సూత్రం రోమను న్యాయం నుండి ఇంగ్లీషు న్యాయంలోకి వచ్చింది. ఆటలకు సంబంధించిన వ్యాజ్యాలన్నిటిలో ప్రతివాదులు తొలుత ఆశ్రయించినది దీనినే. కాని 19వ శతాబ్దపు న్యాయమూర్తులు దీనిని హద్దుల్లేకుండా అంగీకరించలేదు. 1878లో ఇంగ్లండులో ఒక ఫుట్‌బాల్ ఆటలో ఎదుటివాడు బలంగా ఢీకొనడంతో ఒక ఆటగాడు మరణించాడు. ఆ విచారణలో న్యాయమూర్తి బ్రామ్‌వెల్, చట్టం నిషేధించిన చర్యను ఏ ఆట నిబంధనలూ చట్టబద్ధం చేయలేవని జ్యూరీకి బోధించాడు. అయితే ఆటగాడు నియమాల ప్రకారం ఆడుతూ, దురుద్దేశం లేకుండా ఉంటే అది అతనికి అనుకూలమైన సాక్ష్యమని కూడా చెప్పాడు. జ్యూరీ నిందితుని నిర్దోషిగా విడిచిపెట్టింది.

1882 నాటి కోనీ వ్యాజ్యం దీనికి మరోవైపు. పందెం కట్టి, తొడుగులు లేని పిడికిళ్ళతో పోరాడే ముష్టియుద్ధం చట్టవిరుద్ధమని, పోరాడేవారి పరస్పర సమ్మతి దానిని చట్టబద్ధం చేయదని న్యాయమూర్తులు నిర్ణయించారు. 1867లో వెలువడిన క్వీన్స్‌బెరీ నియమాల ప్రకారం తొడుగులు ధరించి ఆడే బాక్సింగ్ మాత్రం క్రమంగా ఆమోదయోగ్యమైంది. ఇక్కడొక వైరుధ్యాన్ని గుర్తించాలి. తొడుగు ప్రధానంగా కొట్టేవాని చేతి ఎముకలను కాపాడుతుంది. చేతికి భయం లేకపోవడంతో తలపై మరింత బలంగా, మరిన్నిసార్లు కొట్టే వీలు కలిగింది. రక్తం తగ్గింది కాబట్టి ఆట నాగరికమైనదని సమాజం భావించింది. చట్టమూ అలాగే భావించింది. కంటికి కనిపించే గాయాన్ని కొలమానంగా పెట్టుకున్న చట్టానికి పుర్రె లోపలి గాయం కనబడలేదు.

మన దేశానికి ఈ ఘట్టంతో నేరుగా సంబంధం ఉంది. మెకాలే అధ్యక్షతన మొదటి లా కమిషన్ 1837లో ముసాయిదా సిద్ధం చేయగా 1860లో శాసనమైన భారత శిక్షాస్మృతి, 87వ సెక్షనులో ఈ అంశాన్ని సూత్రీకరించింది. పద్దెనిమిదేళ్ళు పైబడిన వ్యక్తి సమ్మతించినపుడు, మరణాన్ని గాని తీవ్రగాయాన్ని గాని కలిగించే ఉద్దేశం లేకుండా, కలుగగలదన్న ఎరుక లేకుండా చేసిన చర్య నేరం కాదని దాని సారాంశం. దానికి ఇచ్చిన ఉదాహరణ కూడా ఆటే: వినోదం కోసం కత్తిసాము చేసే ఇద్దరిలో ఒకరు మోసం లేకుండా ఆడుతూ మరొకరిని గాయపరిస్తే నేరం కాదు. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 25వ సెక్షనులో ఈ నియమం కొనసాగుతున్నది. ఇందులో గమనించవలసిన పదం ‘ఎరుక’. సమ్మతి చెల్లుబాటుకు ఒక షరతుగా ఎరుకను ఈ సెక్షను ముందే చేర్చింది. అయితే ఆ ఎరుక దెబ్బ కొట్టేవానిది. ఆటను నడిపే సంస్థకు ఉన్న ఎరుక గురించి ఆ కాలపు శాసనకర్తలు ఆలోచించవలసిన అవసరం రాలేదు.

3. ఒక వైద్యుడు, రెండు వృత్తులు:

1928 అక్టోబరులో అమెరికన్ వైద్యసంఘం పత్రికలో హారిసన్ మార్ట్‌లాండ్ అనే వైద్యుడు ‘పంచ్ డ్రంక్’ శీర్షికతో ఒక వ్యాసం ప్రచురించాడు. పేరు బాక్సింగ్ లోకపు వాడుకభాష నుండి తీసుకున్నది. తాగకపోయినా తాగినవానిలా తూలడం, మాట తడబడటం, చేతులు వణకడం, చివరికి మతి తప్పడం - ఈ లక్షణాలు చాలాకాలం బరిలో ఉన్న బాక్సర్లలో కనిపిస్తున్నాయని, తలపై పడిన దెబ్బలే వాటికి కారణమని అతడు వాదించాడు. అభిమానులకు, శిక్షకులకు ఇది ఎప్పటినుండో తెలిసిన సంగతే. వైద్యశాస్త్రం దానికి ముద్ర వేసిందంతే.

మార్ట్‌లాండ్ న్యూజెర్సీ రాష్ట్రంలోని ఎసెక్స్ కౌంటీలో మరణ పరీక్షాధికారి. వైద్యచరిత్ర అతనిని మరో కారణంతో ఎక్కువగా గుర్తుంచుకుంటుంది. ఆరెంజ్ పట్టణంలోని కర్మాగారంలో గడియారాల ముఖాలపై రేడియం రంగు పూసే యువతులు కుంచె కొసను పెదవులతో సన్నం చేసుకునేవారు. వారి దవడ ఎముకలు కుళ్ళి, రక్తహీనతతో మరణించడానికి రేడియమే కారణమని 1925లో శాస్త్రీయంగా నిరూపించినవారిలో మార్ట్‌లాండ్ ముఖ్యుడు. ఆ సాక్ష్యం కోర్టుకు వెళ్ళింది. 1928 జూన్‌లో ఐదుగురు మహిళల వ్యాజ్యం రాజీతో ముగిసింది. ఒక్కొక్కరికి 10,000 డాలర్లు, ఏటా 600 డాలర్లు ఇచ్చేందుకు సంస్థ అంగీకరించింది.

ఒకే వైద్యుడు, ఒకే ప్రాంతం, దాదాపు ఒకే కాలం. ఒక వృత్తిలో వచ్చిన వ్యాధి న్యాయస్థానం మెట్లెక్కింది. మరొక వృత్తిలో వచ్చిన వ్యాధి వైద్యపత్రిక పుటల్లోనే ఉండిపోయింది. తేడా విజ్ఞానంలో లేదు. కర్మాగారంలో పనిచేసిన యువతికి యజమాని ఉన్నాడు. ఆ యజమానికి పేరు, చిరునామా ఉన్నాయి. బాక్సరుకు యజమాని లేడు. ప్రతి పోటీకి ఒక ప్రమోటరు, ఒక మేనేజరు, ఒక ప్రత్యర్థి. వాడు స్వతంత్రంగా ఒప్పందం కుదుర్చుకున్న వ్యక్తిగానే చట్టం ముందు నిలిచాడు. వందలాది దెబ్బల ఫలితమైన వ్యాధికి ఏ ఒక్కరినీ బాధ్యులను చేయడం సాధ్యం కాలేదు. మార్ట్‌లాండ్ సేకరించిన ఆధారాలు పరిమితమైనవే. నేటి ప్రమాణాలతో చూస్తే లోపాలు ఎంచవచ్చు. కాని 1928 తరువాత ఈ ప్రమాదం ఎవరికీ తెలియదన్న వాదనకు చరిత్రలో చోటు లేదు.

తరువాతి దశాబ్దాలలో ఆధారాలు బలపడుతూ వచ్చాయి. 1937లో మిల్స్‌పా ఈ స్థితికి ‘డిమెన్షియా ప్యూజిలిస్టికా’ అని పేరుపెట్టాడు. 1949లో బ్రిటిష్ నాడీవైద్యుడు మెక్‌డొనాల్డ్ క్రిచ్‌లీ ‘క్రానిక్ ట్రామాటిక్ ఎన్సెఫలోపతి’ అన్న పదబంధాన్ని వాడాడు, సి.టి.ఇ. అన్న సంక్షిప్త రూపం నేడు ప్రసిద్ధం. 1969లో రాబర్ట్స్ లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ కోసం జరిపిన అధ్యయనంలో 224 మంది మాజీ వృత్తి బాక్సర్లను పరీక్షించి 37 మందిలో, అంటే సుమారు 17 శాతం మందిలో, నాడీమండల నష్టాన్ని గుర్తించాడు. 1973లో కార్సెలిస్, అతని సహచరులు 15 మంది బాక్సర్ల మెదళ్ళను పరిశీలించి నష్టం స్వరూపాన్ని వివరించారు. ఇంత జరిగినా న్యాయస్థానాలలో శిరోగాయం ఒక్క దెబ్బకు, ఒక్క సంఘటనకు సంబంధించిన విషయంగానే మిగిలింది.

4. కొట్టినవాని నుండి నిర్వహించినవాని వైపు:

ఆటగాళ్ళ మధ్య బాధ్యతకు 1979 నాటి హాక్‌బార్ట్ తీర్పు ఒక మైలురాయి. 1973లో డెన్వర్, సిన్సినాటి జట్ల మధ్య జరిగిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో, బంతి చేయి మారిన తరువాత మోకాళ్ళపై ఉన్న డేల్ హాక్‌బార్ట్ తల వెనుక భాగంలో ప్రత్యర్థి చార్లెస్ క్లార్క్ కోపంతో ముంజేతితో కొట్టాడు. హాక్‌బార్ట్ మెడ ఎముక విరిగినట్లు తరువాత తేలింది. వృత్తి ఫుట్‌బాల్ స్వభావమే హింస కాబట్టి పౌర న్యాయస్థానం జోక్యం చేసుకోదని కింది కోర్టు 1977లో వ్యాజ్యాన్ని కొట్టివేసింది. పదవ సర్క్యూట్ అప్పీలు కోర్టు దానిని తోసిపుచ్చింది. ఆట నియమాలే నిషేధించిన దెబ్బకు ఆటగాడు సమ్మతించినట్లు భావించలేమన్నది ఆ తీర్పు సారం.

ఈ తీర్పు ఆటగాడికి కొంత రక్షణ ఇచ్చింది. కాని దానిలోనే ఒక పరిమితి దాగి ఉంది. నియమాలకు విరుద్ధమైన దెబ్బకు మాత్రమే బాధ్యత అన్నపుడు, నియమబద్ధమైన వేల దెబ్బలకు బాధ్యత ఎవరిది? ఆ నియమాలను రాసినవారిదా?

ఈ ప్రశ్నకు 2000 సంవత్సరంలో నాలుగున్నర నెలల వ్యవధిలో రెండు దేశాల ఉన్నత న్యాయస్థానాలు భిన్నమైన దిశలలో సమాధానం చెప్పాయి. ఆగస్టు 3న ఆస్ట్రేలియా హైకోర్టు ఆగర్-హైడ్ వ్యాజ్యంలో తీర్పు ఇచ్చింది. రగ్బీ ఆటలో స్క్రమ్ సమయంలో మెడ, వెన్నెముక దెబ్బతిన్న ఇద్దరు ఆటగాళ్ళు, నియమాలను మార్చకపోవడం నిర్లక్ష్యమని అంతర్జాతీయ రగ్బీ బోర్డు సభ్యులపై దావా వేశారు. ప్రపంచమంతటా లెక్కలేనంతమంది ఆడే ఆటకు నియమాలు రాసినంత మాత్రాన ఆ ఆటగాళ్ళందరి పట్ల జాగ్రత్త బాధ్యత ఏర్పడదని, ఇష్టపూర్వకంగా ప్రమాదకరమైన ఆట ఆడే స్వేచ్ఛ పెద్దలకు ఉన్నదని న్యాయస్థానం భావించింది. డిసెంబరు 19న ఇంగ్లండు అప్పీలు కోర్టు వాట్సన్ వ్యాజ్యంలో మరో మార్గం ఎంచుకుంది.

5. వాట్సన్ వ్యాజ్యం:

1991 సెప్టెంబరు 21న లండన్‌లోని వైట్ హార్ట్ లేన్ మైదానంలో మైకేల్ వాట్సన్, క్రిస్ యూబ్యాంక్ ప్రపంచ సూపర్ మిడిల్‌వెయిట్ బిరుదు కోసం పోటీపడ్డారు. పదకొండవ రౌండులో వాట్సన్ యూబ్యాంక్‌ను పడగొట్టాడు. అదే రౌండు చివరి క్షణాల్లో యూబ్యాంక్ కొట్టిన దెబ్బకు వాట్సన్ వెనుకకు పడ్డాడు. పన్నెండవ రౌండు మొదలైన కొద్దిసేపటికే రిఫరీ పోటీని ఆపివేశాడు. వాట్సన్ బరిలోనే స్పృహ కోల్పోయాడు. వైద్యుడు అతనిని పరీక్షించడానికి ఏడు నిమిషాలు పట్టింది. తీసుకువెళ్ళిన మొదటి ఆసుపత్రిలో మెదడు శస్త్రచికిత్స విభాగం లేదు. అక్కడినుండి సెయింట్ బార్తొలొమ్యూస్ ఆసుపత్రికి తరలించారు. నలభై రోజులు కోమాలో ఉన్నాడు. ఆరు శస్త్రచికిత్సలు జరిగాయి. ప్రాణం నిలిచింది గాని శరీరంలో ఒకవైపు చచ్చుబడింది.

అతడు దావా వేసింది యూబ్యాంక్‌పై కాదు, బ్రిటిష్ బాక్సింగ్ నియంత్రణ మండలిపై. వాదన సూక్ష్మమైనది. తలపై దెబ్బ తగిలినపుడు కలిగే తొలి నష్టం వేరు. ఆ తరువాత మెదడుకు ప్రాణవాయువు అందక, రక్తం గడ్డకట్టి ఒత్తిడి పెరిగి, నిమిషాల వ్యవధిలో కలిగే ద్వితీయ నష్టం వేరు. మొదటిదానికి తాను సమ్మతించాడు. రెండవదానిని బరి పక్కనే శ్వాసనాళంలో గొట్టం అమర్చి, ప్రాణవాయువు అందించి తగ్గించవచ్చు. ఆ రాత్రి వైద్యులు ఉన్నారు. తక్షణ పునరుజ్జీవన చికిత్సకు ఏర్పాటు లేదు. ఆ ఏర్పాటును తప్పనిసరి చేయవలసినది నియంత్రణ మండలి.

మండలి వాదన కూడా తేలికైనది కాదు. తాము లాభాపేక్షలేని సంస్థ, ఎవరినీ గాయపరచలేదు, కేవలం నియమాలు రాస్తాము, నియమం ఇంకా మెరుగ్గా ఉండవలసిందన్న కారణంతో బాధ్యులను చేస్తే ఏ సంస్థా మిగలదు. 1990లో ప్రభువుల సభ కపారో వ్యాజ్యంలో జాగ్రత్త బాధ్యతకు మూడు అంశాలను గుర్తించింది: నష్టం ముందుగా ఊహించదగినదై ఉండటం, పక్షాల మధ్య సామీప్యం, బాధ్యత మోపడం న్యాయసమ్మతం కావడం. వీటిని అన్వయిస్తూ లార్డ్ ఫిలిప్స్ మండలి వాదనను తోసిపుచ్చాడు. మండలి అనుమతి లేకుండా బ్రిటన్‌లో వృత్తి బాక్సింగ్ పోటీ జరగదు. వైద్య ఏర్పాట్లు ఎలా ఉండాలో చెప్పేది మండలే. తమకంటే ఎక్కువ వైద్యజ్ఞానం అందుబాటులో ఉన్న మండలిపై బాక్సర్లు ఆధారపడతారు. ప్రత్యర్థి దెబ్బకు సమ్మతించినవాడు, ఆ దెబ్బ తరువాత అందవలసిన రక్షణలోని లోపానికి సమ్మతించినట్లు కాదు. 1999లో న్యాయమూర్తి ఇయాన్ కెనెడీ ఇచ్చిన తీర్పు ఆ విధంగా స్థిరపడింది.

తీర్పు ఫలితం మాత్రం చేదుగా ఉంది. మండలికి ఈ బాధ్యతకు సంబంధించిన బీమా లేదు. దివాలా అంచుకు చేరిన మండలితో 2001లో 4 లక్షల పౌండ్లకు వాట్సన్ రాజీపడవలసి వచ్చింది. హక్కు ఉందని తేల్చడం ఒకటి, ఆ హక్కు విలువ చేతికి అందడం మరొకటి. అయినా బరి పక్కన పునరుజ్జీవన నిపుణులు ఉండటం, సమీపంలోని మెదడు శస్త్రచికిత్స కేంద్రానికి ముందే సమాచారం ఇవ్వడం బ్రిటిష్ బాక్సింగ్‌లో స్థిరపడటానికి ఈ ఉదంతమే కారణం. 2003లో వాట్సన్ లండన్ మారథాన్ దూరాన్ని ఆరు రోజులలో నడిచి పూర్తిచేశాడు.

వాట్సన్ తీర్పు అదుపు ఉన్నచోట బాధ్యత ఉంటుందని చెప్పింది. కాని అదీ ఒక్క రాత్రికి సంబంధించినదే. ఏళ్ళ తరబడి పోగుపడే నష్టం గురించి ఆ తీర్పు ఏమీ చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ ఆ వ్యాజ్యంలో లేదు.

6. ఎరుక - అమెరికన్ ఫుట్‌బాల్ వ్యాజ్యాలు:

పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టులో దీర్ఘకాలం సెంటర్ స్థానంలో ఆడిన మైక్ వెబ్‌స్టర్ 2002 సెప్టెంబరులో 50 ఏళ్ళ వయసులో మరణించాడు. చివరి సంవత్సరాలలో అతని జీవితం మతిభ్రంశంతో, నిరాశ్రయంగా గడిచింది. శవపరీక్ష చేసిన నైజీరియా సంతతి వైద్యుడు బెన్నెట్ ఒమాలు, వెబ్‌స్టర్ మెదడు కణజాలంలో బాక్సర్లలో కనిపించే తరహా మార్పులను గుర్తించాడు. 2005 జూలైలో ‘న్యూరోసర్జరీ’ పత్రికలో ఆ ఫలితాలు వెలువడ్డాయి. ఆ వ్యాసాన్ని ఉపసంహరించాలని నేషనల్ ఫుట్‌బాల్ లీగ్, అంటే ఎన్.ఎఫ్.ఎల్., నియమించిన వైద్యసంఘ సభ్యులు కోరారు.

ఆ వైద్యసంఘాన్ని లీగ్ 1994లో ఏర్పాటు చేసింది. దాని తొలి అధ్యక్షుడు ఎలియట్ పెల్‌మన్ కీళ్ళవ్యాధుల వైద్యుడు, న్యూయార్క్ జెట్స్ జట్టు వైద్యుడు. 2003 నుండి అదే పత్రికలో వరుసగా ప్రచురించిన వ్యాసాలలో, ఎన్.ఎఫ్.ఎల్. ఆటగాళ్ళలో పదేపదే తగిలే దెబ్బల వల్ల దీర్ఘకాలిక మెదడు నష్టం కలుగుతున్నట్లు ఆధారం లేదని ఆ సంఘం నిర్ధారించింది.

ఇక్కడ చరిత్రకారుని ఆపే వాస్తవం ఒకటున్నది. ఆటగాళ్ళ పింఛను వ్యవహారాలు చూసే మండలి 1999లోనే, తల దెబ్బల వల్ల వెబ్‌స్టర్ పూర్తిగా, శాశ్వతంగా అశక్తుడయ్యాడని అంగీకరించి అతనికి అశక్తత భత్యం మంజూరు చేసింది. ఆ మండలిలో క్లబ్బుల ప్రతినిధులు, ఆటగాళ్ళ సంఘ ప్రతినిధులు సభ్యులు. తరువాత నడిచిన వివాదం అశక్తత ఉన్నదా లేదా అన్నది కాదు, ఏ తేదీనుండి ఉన్నది అన్నది మాత్రమే. 2006లో నాల్గవ సర్క్యూట్ అప్పీలు కోర్టు వెబ్‌స్టర్ వారసులకు అనుకూలంగా తీర్పు చెప్పింది. ఒకే క్రీడావ్యవస్థలో ఒక మండలి నష్టాన్ని గుర్తించి డబ్బు చెల్లిస్తుండగా, మరొక సంఘం అటువంటి నష్టానికి ఆధారం లేదని శాస్త్రవ్యాసాలు రాస్తూ వచ్చింది. ఎడమచేతికి తెలిసినది కుడిచేతికి తెలియదని నమ్మడం కష్టం. అయితే పింఛను మండలి నిర్ణయం ఒక వ్యక్తికి సంబంధించినది, సంఘం నిర్ధారణ ఆటగాళ్ళ సముదాయానికి సంబంధించినది అన్న భేదం కూడా ఉన్నది. ఆ భేదం ఎంతవరకు నిలుస్తుందో తేల్చవలసినది సాక్షుల విచారణలో.

2009 అక్టోబరులో ప్రతినిధుల సభ న్యాయవ్యవహారాల సంఘం ముందు జరిగిన విచారణలో సభ్యురాలు లిండా సాంచెజ్, లీగ్ వైఖరిని పొగాకు కంపెనీల వైఖరితో పోల్చారు. ఆ పోలిక ప్రజల మనసులో నాటుకుంది. అదే సంవత్సరం డిసెంబరులో, కన్‌కషన్లు దీర్ఘకాలిక సమస్యలకు దారితీయగలవని లీగ్ ప్రతినిధి తొలిసారి బహిరంగంగా ఒప్పుకున్నాడు. 2011 జూలైలో మాజీ ఆటగాళ్ళు కాలిఫోర్నియాలో తొలి దావా వేశారు. తరువాత దేశమంతటా దాఖలైన వ్యాజ్యాలను 2012లో ఫిలడెల్ఫియాలోని ఫెడరల్ న్యాయమూర్తి అనితా బ్రోడీ ముందుకు చేర్చారు. వాదుల సంఖ్య 4,500 దాటింది. ఆరోపణ కేవలం నిర్లక్ష్యం కాదు, మోసపూరితంగా నిజాన్ని దాచడం. సమ్మతి సిద్ధాంతం ఇక్కడ తలకిందులైంది. ఆటగాడు ఒప్పుకున్న మాట నిజమే. కాని తెలియనిదానికి ఎలా ఒప్పుకుంటాడు? తెలిసినవారు చెప్పకుండా దాచితే ఆ సమ్మతి విలువెంత?

లీగ్ ప్రధానంగా కార్మిక చట్టాన్ని ఆశ్రయించింది. ఆటగాళ్ళ ఆరోగ్యభద్రత సామూహిక బేరసారాల ఒప్పందంలోని అంశమని, అందుచేత ఈ వివాదాలు మధ్యవర్తిత్వం ద్వారా తేలవలసినవే గాని కోర్టులో కావని వాదించింది. మార్ట్‌లాండ్ కాలపు బాక్సరుకు యజమాని లేకపోవడం అడ్డంకి అయింది; ఈ ఆటగాళ్ళకు యజమానితో సంఘటితంగా చేసుకున్న ఒప్పందమే అడ్డంకిగా నిలిచింది. 2013 ఏప్రిల్‌లో ఈ అంశంపై వాదనలు విన్న న్యాయమూర్తి, తీర్పు చెప్పకముందే జూలైలో ఇరుపక్షాలనూ రాజీ చర్చలకు పంపారు.

7. రాజీ - మూసుకున్న ప్రశ్న:

2013 ఆగస్టు 29న 76.5 కోట్ల డాలర్ల రాజీ ప్రకటన వెలువడింది. 20,000 మందికి పైగా ఉన్న మాజీ ఆటగాళ్ళకు ఆ మొత్తం చాలుతుందా అన్న సందేహంతో న్యాయమూర్తి బ్రోడీ 2014 జనవరిలో ప్రాథమిక ఆమోదం నిరాకరించారు. గరిష్ఠ పరిమితిని ఎత్తివేసిన తరువాత 2015 ఏప్రిల్ 22న తుది ఆమోదం లభించింది. 2016 ఏప్రిల్‌లో మూడవ సర్క్యూట్ అప్పీలు కోర్టు దానిని ధ్రువీకరించింది. సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. 2017 జనవరిలో ఒప్పందం అమలులోకి వచ్చింది. లీగ్ తన తప్పును అంగీకరించలేదు.

పరిహార పట్టిక న్యాయచరిత్ర విద్యార్థి శ్రద్ధగా చదవదగిన పత్రం. ఎ.ఎల్.ఎస్. వ్యాధికి గరిష్ఠంగా 50 లక్షల డాలర్లు, అల్జీమర్స్ లేదా పార్కిన్సన్స్ వ్యాధికి 35 లక్షలు, మధ్యస్థ స్థాయి బుద్ధిమాంద్యానికి 30 లక్షలు. సి.టి.ఇ.తో మరణించినవారి కుటుంబాలకు 40 లక్షలు. కాని ఈ చివరిది ఒప్పందానికి తుది ఆమోదం లభించేలోపు మరణించినవారికి మాత్రమే. దీనికి కారణం సి.టి.ఇ.ని మరణానంతరం మెదడు కణజాల పరీక్షలోనే ఖాయంగా నిర్ధారించగలగడం. బతికున్నవారికి లక్షణాల ఆధారంగా పరిహారం ఇస్తే చాలునని న్యాయస్థానం భావించింది. మొత్తం వివాదానికి మూలమైన వ్యాధి పేరు ఆ విధంగా భవిష్యత్ పరిహార పట్టిక నుండి తొలగింది.

అమలులో మరొక లోపం బయటపడింది. బుద్ధిక్షీణతను లెక్కించే పరీక్షలలో నల్లజాతి ఆటగాళ్ళ సహజస్థాయి తక్కువన్న ఊహతో వేరే ప్రమాణాలు వాడారు. అందువల్ల ఒకే మార్కులు వచ్చినా తెల్లజాతి ఆటగాడు అర్హుడు, నల్లజాతి ఆటగాడు అనర్హుడు కాగలడు. ఇద్దరు మాజీ ఆటగాళ్ళు 2020లో దీనిని సవాలు చేశారు. 2021 జూన్‌లో లీగ్ ఆ పద్ధతిని విడిచిపెట్టేందుకు అంగీకరించగా, 2022 మార్చిలో న్యాయమూర్తి ఆ మార్పును ఆమోదించారు. బాధ్యతను ఒప్పించడంతో న్యాయం ముగియదని, నష్టాన్ని కొలిచే కొలబద్దలోనూ అన్యాయం దాగి ఉండగలదని ఈ ఉదంతం తెలుపుతున్నది.

రాజీని విమర్శించడం తేలిక. విచారణ జరిగి ఉంటే కార్మిక చట్టం అడ్డంకితో ఆటగాళ్ళు వట్టిచేతులతో మిగిలే అవకాశం లేకపోలేదు. రోగులకు పదేళ్ళు వేచిచూసే వ్యవధి లేదు. మంచుగడ్డ హాకీ లీగ్ మీది వ్యాజ్యంలో సామూహిక దావాకు కోర్టు అనుమతి నిరాకరించిన తరువాత, 2018లో 300 మందికి పైగా ఆటగాళ్ళకు కలిపి 1.89 కోట్ల డాలర్లు మాత్రమే దక్కాయి. ఆ లెక్కన ఫుట్‌బాల్ ఆటగాళ్ళు సాధించినది తక్కువేమీ కాదు. కాని చరిత్ర దృష్టిలో నష్టం వేరొకటి ఉన్నది. లీగ్‌కు ఏమి తెలుసు, ఎప్పుడు తెలుసు అన్న ప్రశ్నపై ప్రమాణపూర్వక సాక్ష్యం న్యాయస్థానంలో నమోదు కాలేదు. తీర్పు వెలువడి ఉంటే అది పూర్వప్రమాణంగా నిలిచేది. రాజీ పరిహారాన్ని ఇచ్చింది, ప్రమాణాన్ని ఇవ్వలేదు.

8. వృత్తివ్యాధిగా గుర్తింపు - ఒక మరణ విచారణ:

ఇంగ్లండు ఫుట్‌బాల్ ఆటగాడు జెఫ్ ఆస్టల్ 2002 జనవరిలో 59 ఏళ్ళకు మరణించాడు. తలతో గోలు కొట్టడంలో అతడు పేరుపొందినవాడు. అదే ఏడాది నవంబరులో జరిగిన మరణ విచారణలో కరోనర్ ఆండ్రూ హేగ్, బరువైన తోలుబంతిని పదేపదే తలతో కొట్టడం వల్ల కలిగిన మెదడు నష్టాన్ని పేర్కొంటూ, మరణకారణాన్ని ‘పారిశ్రామిక వ్యాధి’గా నమోదు చేశాడు. రేడియం యువతులకు, బాక్సర్లకు మధ్య 1928లో తెగిపోయిన దారం ఇక్కడ మళ్ళీ ముడిపడింది: ఆటగాడు కార్మికుడే, ఆటస్థలం పనిస్థలమే. కాని మరణ విచారణ కారణాన్ని చెబుతుంది, పౌరబాధ్యతను నిర్ణయించదు. 2019లో గ్లాస్గో విశ్వవిద్యాలయ పరిశోధకులు 7,676 మంది స్కాట్లండ్ మాజీ వృత్తి ఆటగాళ్ళ మరణ వివరాలను పరిశీలించి, నాడీక్షీణ వ్యాధులతో మరణించే అవకాశం సాధారణ ప్రజలకంటే వారిలో దాదాపు మూడున్నర రెట్లు ఎక్కువని వెల్లడించారు. 2020 డిసెంబరులో ప్రపంచకప్పు విజేత స్టీవ్ థాంప్సన్ సహా పలువురు రగ్బీ ఆటగాళ్ళు క్రీడాసంస్థలపై న్యాయపోరాటం ప్రకటించారు. సాముదాయికంగా ప్రమాదం నిరూపితమైనా, ఒక్కొక్క ఆటగాని వ్యాధికి ఆటే కారణమని నిరూపించడం ఈ వ్యాజ్యాలన్నిటికీ సమానమైన చిక్కు.

మన దేశంలో 2014లో ప్రారంభమైన ప్రో కబడ్డీ లీగ్‌తో, అందులో తెలుగు టైటాన్స్ వంటి జట్లతో, సంపర్క క్రీడ వేలంపాటలో ధర పలికే వృత్తిగా మారింది. పట్టు పట్టేటపుడు తలలు ఢీకొనడం ఈ ఆటలో వింత కాదు. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం మూడవ షెడ్యూలు సీసపు విషం, సిలికోసిస్ వంటి వృత్తివ్యాధులను జాబితాగా ఇచ్చింది. తలదెబ్బల వల్ల కలిగే మెదడు క్షీణత ఆ జాబితాలో లేదు. కత్తిసాము ఉదాహరణతో ఆటగాని నేరబాధ్యతను స్పష్టపరచిన మన న్యాయసంప్రదాయం, లీగ్ యజమాని పౌరబాధ్యతను ఇంకా అంత స్పష్టంగా ఎదుర్కొనవలసి ఉన్నది.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. శిరోగాయాల విషయంలో చట్టం వెనుకబడటానికి వైద్యజ్ఞానం లేకపోవడం ప్రధాన కారణం కాదు. 1928 నుండి జ్ఞానం అందుబాటులో ఉన్నది. దానిని మోయగల ప్రతివాది చట్టం దృష్టిలో లేడు.

2. సమ్మతి సిద్ధాంతాన్ని న్యాయస్థానాలు రద్దు చేయలేదు, విడగొట్టాయి. నియమవిరుద్ధమైన దెబ్బకు (హాక్‌బార్ట్), దెబ్బ తరువాతి రక్షణలోపానికి (వాట్సన్) సమ్మతి వర్తించదని తేల్చాయి. నియమబద్ధమైన దెబ్బల సంచిత ఫలితం ఈ రెండింటికీ బయటనే ఉండిపోయింది.

3. ఆగర్, వాట్సన్ తీర్పులు పైకి పరస్పర విరుద్ధంగా కనిపించినా వాటి మధ్య సూత్రవైరుధ్యం లేదు. దూరం నుండి నియమాలు రాయడం ఒకటి, ప్రతి పోటీనీ అనుమతించి వైద్య ఏర్పాట్లను శాసించడం మరొకటి. బాధ్యత అదుపును అనుసరించింది.

4. ఎన్.ఎఫ్.ఎల్. వ్యాజ్యాలు ఎరుకను బాధ్యతకు కేంద్రంగా నిలిపాయి. కాని రాజీ వల్ల ఆ ప్రశ్నకు తీర్పు రూపంలో సమాధానం రాలేదు. తరువాత వచ్చే వాదులు మళ్ళీ మొదటినుండి నిరూపించుకోవలసిందే.

5. వ్యాధి మరణానంతరమే నిర్ధారణ కావడం, పరిహారం బతికి ఉండగానే అవసరం కావడం - ఈ రెండింటి మధ్య అగాధాన్ని పూడ్చడానికి అపకృత్య చట్టం కన్నా వృత్తివ్యాధుల చట్టమే తగిన మార్గంగా కనిపిస్తున్నది. అక్కడ కార్మికుడు యజమాని తప్పును నిరూపించనక్కరలేదు. ఆ వృత్తిలో ఉన్నానని, ఆ వ్యాధి వచ్చిందని చూపితే చాలు.

రేడియం రంగు పూసిన యువతుల ఎముకలను, బాక్సర్ల మెదళ్ళను పరిశీలించిన వైద్యుడు ఒక్కడే. వారిద్దరినీ ఒకే చట్టం కిందికి తీసుకురావడం ఇంకా మిగిలి ఉన్న పని.